నలభై ఒకటో కిలోమీటరు

సత్యదేవ్ పేరు వింటేనే మేబెల్‌కి ఒళ్ళు మండుతుంది. ఆ మంట నాలుగేళ్ల నాటిది. ఆర్పుకోవాలన్న ఉద్దేశం ఆవిడకి లేదు, ఆరనిచ్చే బుద్ధి అతనికీ లేదు. పొద్దున్నే షామీర్‌పేట దాకా సైకిల్ తొక్కొచ్చి, చెమట కంపుతో ఆఫీసులోకి వచ్చి, లక్షన్నర పెట్టి కొన్న ఆ సైకిల్ని సరిగ్గా మేబెల్ బల్లకీ కిటికీకీ మధ్యన ఆనిస్తాడు. ఆవిడ తన కుర్చీలోకి పోవాలంటే పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని దూరాలి. "జాగ్రత్త ఆంటీ, గీతలు పడతాయి" అంటాడు పైగా. ఆ గీతలేవో అతని మొహం మీద పడితే బాగుండునని ఆవిడ రోజూ అనుకుంటుంది.

ఆఫీసు, కార్ఖానా అనే పేటలో మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన రెండో అంతస్తు. ఓనరు ఉదయ్ భాస్కర్. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మాట తియ్యన, పని పుల్లన. ఫ్రాన్సులో ఒక సైకిల్ టూర్ల కంపెనీ ఉంది. దానికి దారులు గీసి పంపడం ఈ ఆఫీసు పని. తారు రోడ్డు నిక్షేపంలా ఉండగా దాన్ని వదిలేసి, పొలాల మధ్య కంకర దారుల వెంట రోజుకి అరవై డెబ్భై కిలోమీటర్లు తొక్కడానికి జనం డబ్బులిచ్చి మరీ వస్తారట. కంకర మీద ఒళ్ళు హూనం చేసుకోవడం ఏం సరదానో మొదట్లో మేబెల్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ దారుల మీద ప్రాణం పెట్టుకుంది.

ఉపగ్రహం తీసిన ఫోటోల్లో ఆ దారుల్ని ఒక్కొక్కటిగా వెతికి, ఒకదాని కొసని ఇంకోదాని మొదలుకి కలుపుకుంటూ పోవాలి. మేబెల్ ఇరవై రెండేళ్లు మిషన్ స్కూల్లో జాగ్రఫీ చెప్పింది. తెలుగు మీడియం ఎత్తేసి ఆవిణ్ణి ఇంటికి పంపాక ఈ ఉద్యోగంలో చేరింది. తెల్లగా కనిపించే గీత సున్నపురాయి కంకర. రెండు గీతల మధ్య పచ్చగా ఉంటే ట్రాక్టర్లు మాత్రమే తిరిగే దారి. పల్లంలో నల్లబడితే వానకి బురద. కంచె నీడ ఎటు పడిందో చూసి ఎండ వేళకి చెట్టు నీడ దొరికే వైపు చెప్పగలదు. అలా పదకొండు దారులు గీసింది. ఫ్రాన్సు సంగతి అటుంచి, ఆవిడ విమానం ఎక్కిందే లేదు.

ఆ పదకొండింటిలో ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. దారి మధ్యలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని కంపెనీ వాళ్ళు అడిగితే, ప్రతి ఊరి చివరా ఉన్న శ్మశానాన్ని గుర్తుపెట్టి, "ఇక్కడ కొళాయి ఉంటుంది" అని రాసింది. ఎలా తెలుసంటే, ఈస్టరు ముందు రోజు సమాధులు కడిగి పూలు పెట్టడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. తల్లి సమాధి కడగాలంటే బకెట్టు పట్టుకుని వరసలో నిలబడేది శ్మశానం కొళాయి దగ్గరే. అక్కడి వాళ్ళూ సమాధుల మీద పూలు పెట్టేవాళ్ళే కాబట్టి అక్కడా కొళాయి ఉండి తీరాలి. ఉంది కూడా. అప్పుడు సత్యదేవ్ మొహం చిట్లించి, "ఛీ, శ్మశానంలో నీళ్ళు తాగుతారా ఆంటీ ఎవరైనా?" అని నవ్వాడు.

ఇదంతా ఒక ఎత్తు, మూడు వారాల కిందట తెలిసినది ఒక ఎత్తు. కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిల్ని ఉదయ్ భాస్కర్ అందరికీ పంపాడు. అందులో మొదటి మాటే "ప్రియమైన సత్యదేవ్, మీరు గీసిన పదకొండు దారులూ..." అని ఉంది. ప్రతి దారి ఫైలు అడుగునా 'గీసినవారు' అని ఒక వరుస ఉంటుంది. ఫైళ్ళు పంపేది సత్యదేవ్. నాలుగేళ్లుగా పదకొండింటి కిందా అతని పేరే ఉంది.

"అది నా లాగిన్ కదా ఆంటీ, ఆటోమేటిగ్గా పడిపోతుంది. మార్చడం కుదరదు" అన్నాడు.

ఉదయ్ భాస్కర్ దగ్గరికి వెళ్తే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "పేరుదేముందండీ మేబెల్ గారూ, మనందరం ఒకే టీము కదా. పైగా వాడు సైకిల్ తొక్కేవాడు. వాడి పేరుంటే క్లయింటుకి నమ్మకం. మీకేమన్నా జీతం తగ్గిందా?" అన్నాడు.

సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. జీతం కోసమైతే మేబెల్ నోరు మూసుకునేదేమో. కానీ ఈమెయిల్ చివర ఇంకో మాట ఉంది. దారులు గీసిన మనిషిని సెప్టెంబరులో పది రోజులు ఫ్రాన్సుకి పిలుస్తారట. ప్రతి దారినీ దగ్గరుండి చూసి, ఏ మలుపు ఎలా ఉందో సరిచూసుకోవడానికి. గురువారం వీడియో కాల్‌లో ఆ సంగతి ఖాయం చేస్తారు. ఆ మనిషి తనే అని మేబెల్‌కి తెలుసు. తన వేలు నడిచిన ఆ తెల్ల గీతల మీద ఒక్కసారి తన కాలు మోపాలని ఎంత ఆశపడిందో ఆవిడకీ దేవుడికీ తెలుసు. సత్యదేవ్ మాత్రం అప్పుడే చలి కోటు కొనేశాడు.

ఆ కాల్ ఇంకా రెండు రోజులుందనగా, మంగళవారం నాడు ఆవిడ గీసిన దాంట్లో ఒక తప్పు బయటపడింది. కనిపెట్టిందీ ఆవిడే.

ఎనిమిదో దారిలో నలభై ఒకటో కిలోమీటరు దగ్గర కంకర బాట ఒక మిలిటరీ క్యాంపులోకి వెళ్ళి, నాలుగు కిలోమీటర్లు పోయి అవతల తేలుతుంది. పటంలో అది మిలిటరీ నేల అని రాసే ఉంది. మేబెల్ చూసింది, చూసి కూడా గీసేసింది. కంటోన్మెంటులో పుట్టి పెరిగిన మనిషికి మిలిటరీ రోడ్డంటే కొత్తేముంది? రాత్రి గేటు వేస్తారు, తెల్లారి తీస్తారు. పగలంతా స్కూటర్లూ, స్కూలు ఆటోలూ, కూరగాయల బండ్లూ దర్జాగా పోతాయి. గేటు వేశాక వస్తే తిట్టుకుంటూ చుట్టూ తిరిగి పోవాలి, అంతే. రెండు నెలల కిందట సత్యదేవ్ అడిగితే కూడా అదే చెప్పింది. "పరేషాన్ కాకు. పగలు తీసే ఉంటది, రాత్రి ఒక్కటే మూస్తరు."

మంగళవారం ఊసుపోక, ఆ క్యాంపు పక్కన ఉన్న మోర్వాల్ అనే పల్లె పంచాయతీ పేజీ తెరిచింది. నోటీసు బోర్డు ఫోటో ఒకటి ఉంది. ఫ్రెంచి నుంచి అనువదించే యంత్రానికి ఇచ్చి అర్థం చెప్పించుకుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటి పూట తుపాకుల శిక్షణ. ఎర్ర జెండా ఎగిరి ఉండగా లోపల అడుగు పెట్టరాదు. రాత్రిళ్ళూ శని, ఆదివారాలూ మాత్రమే దారి తీసి ఉంటుంది. ఇక్కడికి పూర్తిగా తలకిందులు. ఆవిడ గీసిన గీత సరిగ్గా గుళ్ళు పడే మైదానం అంచు వెంట పోతోంది.

మొదట వెంటనే ఆ గీత చెరిపేద్దామనుకుంది. రెండు నిమిషాలు గడిచాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఫైలు కింద ఎవరి పేరుంది?

ఆ సాయంత్రం పద్మారావు నగర్లో ఇంటికి చేరగానే అక్క ప్రేమమణికి అంతా చెప్పింది. ప్రేమమణి రిటైరైన నర్సు. బీరకాయ చెక్కు తీస్తూ వింది.

"సెప్టెంబరుల సరిచూసేదాంక ఆ దారిల ఎవరు పోరు అక్కా. గురువారం కాల్‌ల ఫ్రాన్సామె అడుగుతది, గీసింది నేనే అని వాడు గుండెలు బాదుకుంటడు. బాదుకోని. బాగా బాదుకున్నంక ఆ నోటీసు సంగతి ఆమెకే తెలుస్తది. దొంగసొత్తు తిన్నోడికి దాంట్ల రాయి పంటికింద పడాలె గదా?"

"ఎవరు తవ్విన గోతిల వాళ్ళే పడతరు, నిజమే" అంది ప్రేమమణి. "కానీ ఈ గొయ్యి తవ్వింది నువ్వు గదనే."

"పేరు వాడిది."

"పేరు వాడిదే. గుంత నీది. ప్రభువుకి ఏది కనవడ్తదో ఆలోచించుకో." బీరకాయ కంటే ముందు చెల్లెలి మొహమే చెక్కేసేలా చూసింది ప్రేమమణి. మేబెల్ తినకుండానే లేచిపోయింది. అయినా మనసు మార్చుకోలేదు. ఇరవై రెండేళ్లు పిల్లలకి నిజాయితీ మీద మార్కులు వేసిన మనిషి, ఒక్క గురువారం తనకి తనే సెలవు ఇచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి కాల్. ఉదయ్ భాస్కర్ గదిలో గోడకి పెద్ద టీవీ, దాని ముందు ఒకే బల్ల. సత్యదేవ్ ఇస్త్రీ చొక్కాలో మధ్య కుర్చీలో కూర్చున్నాడు. మేబెల్‌ని చివర కూర్చోబెట్టి, "మీరు నోట్స్ రాసుకోండమ్మా" అన్నాడు ఉదయ్ భాస్కర్. టీవీలో క్లేర్ అనే ఆవిడ కనిపించింది. యాభై ఏళ్లుంటాయి, నెరిసిన జుట్టు, నవ్వని మొహం. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"ఈ శ్మశానాల కొళాయిలు చాలా తెలివైన ఆలోచన" అంది క్లేర్. "మా దేశంలో సైకిల్ తొక్కేవాళ్ళకి మాత్రమే తెలిసిన రహస్యం. మీకెలా తట్టింది?"

"నేనూ రైడర్నే కదా మేడమ్" అన్నాడు సత్యదేవ్, సిగ్గుపడుతున్నట్టు నవ్వి. "దాహం విలువ తెలుసు."

మేబెల్ చేతిలో పెన్ను కాగితాన్ని చింపుకుని అవతలకి దిగింది. దాహం విలువ! తల్లి సమాధి దగ్గర నీళ్ళ బకెట్టు మోసింది తను, విలువ తెలిసింది వీడికి! బాదుకో నాయనా, ఇంకా బాదుకో అనుకుంది.

"సరే. ఒక శుభవార్త" అంది క్లేర్. "సెప్టెంబరు దాకా ఆగడం లేదు. ఎనిమిదో దారి మా వాళ్ళకి బాగా నచ్చింది. వచ్చే మంగళవారమే మొదటి జట్టుని పంపిస్తున్నాం. పద్దెనిమిది మంది. అందుకే ఒక్క అనుమానం. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర సైనిక క్యాంపు ఉంది. అది సరిచూశారా?"

మేబెల్ పెన్ను కింద పెట్టేసింది. మంగళవారం అంటే కాల్పులుండే రోజు.

"స్వయంగా కనుక్కున్నాను మేడమ్" అన్నాడు సత్యదేవ్ తడుముకోకుండా. "పగలు తీసే ఉంటుంది. రాత్రి ఒక్కటే మూస్తారు."

అవి తన మాటలు. పొల్లుపోకుండా తనవే. దారిని దొంగిలించినట్టే వాటినీ దొంగిలించి, తన కళ్ళముందే అమ్ముతున్నాడు. క్లేర్ తల ఊపి కాగితం మీద టిక్కు పెట్టబోయింది. టీవీలో ఆ పెన్ను కదలడం మేబెల్‌కి కనిపించింది. అది కాగితానికి తగిలితే పద్దెనిమిది మంది నీళ్ళ సీసాలు పట్టుకుని గుళ్ళ మధ్యకి పోతారు.

"ఆగండి" అంది మేబెల్. గొంతు క్లాసులో బెత్తం కొట్టినట్టు వచ్చింది. "ఆ దారి తప్పు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలు కాల్పులుంటాయి. మోర్వాల్ నోటీసు బోర్డు మీద ఉంది. మా ఊళ్ళో మిలిటరీ దారులు పగలు తీసి ఉంటాయి, అక్కడా అంతే అనుకుని గీశాను. అది నేను గీసిన గీత, నేను చేసిన తప్పు. మంగళవారం ఎవర్నీ పంపకండి."

ఉదయ్ భాస్కర్ చటుక్కున మైకు మూసేశాడు.

"మతి ఉందా అమ్మా మీకు? క్లయింటు ముందు తప్పు చేశామంటారా? తర్వాత మెల్లిగా సర్దేవాళ్ళం కదండీ!" ఆయన తియ్యదనం ఎక్కడికి పోయిందో గానీ మొహం జేవురించింది.

"చూశారా సార్" అందుకున్నాడు సత్యదేవ్. "ఆ బిట్ మొత్తం ఆంటీదే. నేనప్పుడే డౌట్ పడ్డాను. సుత్తి జాగ్రఫీ, ఇప్పుడు నా పరువు పోయింది. సార్, చెప్పేయండి, ఆ పోర్షన్ ఆవిడే గీసిందని. నా మీద పెట్టకండి, ప్లీజ్."

మెచ్చుకున్నంత సేపూ దారి అతనిది. తప్పు అనగానే ఆంటీది. మేబెల్ అతని వంక చూసింది. కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది.

ఉదయ్ భాస్కర్ మైకు తెరిచి, గొంతులో బెల్లం మళ్ళీ కలుపుకుని, ఎనిమిదో దారి గీసింది తమ సహాయకురాలు మేబెల్ అనీ, సత్యదేవ్ దాన్ని పైపైన చూశాడు తప్ప గీయలేదనీ, జరిగినదానికి చింతిస్తున్నామనీ చెప్పాడు. సత్యదేవ్ గబగబా తల ఊపాడు. "అవును మేడమ్. ఆ గీత నాది కాదు."

"అయితే ఆ ఫైలు కింద మీ పేరెందుకుంది?" అంది క్లేర్. "వెనక్కి తీసుకున్న దారి కూడా మా రికార్డులో ఉంటుంది, దాన్ని ఎవరు గీశారో సహా. ఇప్పుడే సరిచేయండి. నేను చూస్తుంటాను."

మార్చడం కుదరదన్న పేరు అరనిమిషంలో మారడానికి సిద్ధమైంది. సత్యదేవ్ ఫైలు తెరిచి టీవీ మీద పెట్టాడు. 'గీసినవారు' అన్న చోట తన పేరు తుడిచేశాడు. అక్కడ ఆగాడు. నాలుగేళ్లు మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషి వైపు తిరిగి, "ఆంటీ, మీ పూర్తి పేరేంటి?" అని అడిగాడు.

మేబెల్ లేచి వెళ్ళి కీబోర్డు తన వైపు లాక్కుంది. మేబెల్ సుగుణ బత్తుల అని కొట్టింది. ఎనిమిదోది మూసి, మొదటి ఫైలు తెరిచింది. సత్యదేవ్ పేరు తీసి మేబెల్ సుగుణ బత్తుల అని కొట్టింది. రెండోది తెరిచింది.

ఉదయ్ భాస్కర్ మైకు మూయడానికి చెయ్యి చాచాడు. "దయచేసి మూయకండి" అంది క్లేర్. ఆయన చెయ్యి వెనక్కి పోయింది. "మేబెల్, మీరేం చేస్తున్నారు?"

"దారి ఎవరు గీశారో రికార్డులో ఉండాలన్నారు కదా మేడమ్. ఎనిమిదోది గీసింది నేనేనని వీళ్ళిద్దరూ మీ ముందే చెప్పారు. మిగతా పదీ గీసింది ఆ చెయ్యే. రేపు వాటిలో తప్పు దొరికితే మళ్ళీ ఎవర్ని అడగాలో మీరు వెతుక్కోకూడదు." అంటూనే మూడోది, నాలుగోది. టీవీ మీద ఒక్కొక్క దారీ విచ్చుకుంటోంది, కింద ఒక్కొక్క చోటా సత్యదేవ్ పేరు రాలిపోతోంది.

"ఇది నిజమేనా?" క్లేర్ సత్యదేవ్‌ని అడిగింది.

కాదంటే ఎనిమిదోది మళ్ళీ తన మెడకి చుట్టుకుంటుంది. అవునంటే చలి కోటు పోతుంది. అతను ఉదయ్ భాస్కర్ వంక చూశాడు. ఆయన బల్ల మీద ఏదో దుమ్ము కనిపించినట్టు దాన్ని వేలితో తుడుస్తున్నాడు.

"టెక్నికల్‌గా... చెప్పాలంటే, అవును మేడమ్. కానీ కోఆర్డినేషన్..."

"మరి మీరేం గీశారు?"

సత్యదేవ్ నోరు తెరిచాడు, మూశాడు. క్లేర్ అతనికి కావలసినంత టైము ఇచ్చింది. అన్ని సెకన్లు అంత సుఖంగా గడవడం మేబెల్ జీవితంలో అదే మొదటిసారి. పాపమని ఆవిడకి కొంచెం కూడా అనిపించలేదు.

క్లేర్ ఇటు తిరిగింది. "నోటీసు ఎప్పుడు చూశారు?"

అబద్ధం ఆడొచ్చు. పొద్దున్నే చూశానంటే సరిపోయేది. "మంగళవారం" అంది మేబెల్.

"రెండు రోజులు దాచారు."

"దాచాను. ఈ అబ్బాయి పేరు మీద పోతుందని దాచాను. మీరు మనుషుల్ని పంపుతున్నారని తెలియదు. తెలిస్తే దాచేదాన్ని కాదు. అయినా దాచడం తప్పే."

"తప్పే" అంది క్లేర్, మొహంలో మెత్తదనం ఏమీ లేకుండా. "మీ మీదా నాకు కోపంగానే ఉంది. ఎనిమిదోది ఆపేస్తున్నాను. మిగతా పది దారుల్లో మీ ఊరి లెక్క ఇంకెక్కడెక్కడ వేశారో నాకు తెలియదు, మీకు మాత్రమే తెలుసు. కాబట్టి సెప్టెంబరులో మీరు రండి. ప్రతి కిలోమీటరూ చూపిస్తాను, ప్రతిదానికీ మీరే జవాబు చెప్పాలి. దీన్ని బహుమానం అనుకోకండి."

"అనుకోను" అంది మేబెల్. టీవీ నల్లబడింది.

ఉదయ్ భాస్కర్ ఎవరి వంకా చూడకుండా, పాస్‌పోర్టు లేకపోతే ఇవాళే అప్లై చేసుకోమని గోడకి చెప్పినట్టు చెప్పి బయటికి పోయాడు. సత్యదేవ్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. ఏదో ఒకటి గుచ్చకుండా పోతే నిద్ర పట్టే రకం కాదు.

"మీకు అసలు సైకిల్ తొక్కడమే రాదు కదా ఆంటీ. అక్కడికెళ్ళి ఏం పీకుతారు?"

"నీకు గీయడం రాకుండనే నాలుగేండ్లు గడిచిపోలేదా?" అంది మేబెల్.

అతను తలుపు విసురుగా వేసుకుని పోయాడు. ఆవిడ తన బల్ల దగ్గరికి వచ్చి, అడ్డంగా ఉన్న సైకిల్ని ఒక్క తోపు తోసి దారి చేసుకుని కూర్చుంది. ఎనిమిదో దారి తెరిచి, క్యాంపుని చుట్టి పోయే తెల్ల గీత ఏదైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టింది.